మూడో బేసు దాటాక

ఓబులేసు గారికి ఒక సందేహం చాలా ఏళ్లుగా ఉండిపోయింది. దాన్ని తన గురువును అడగడానికి ఎప్పుడూ నోరు రాలేదు. అడిగిన రోజు నేను అక్కడే ఉన్నాను.

ఆయన అనంతపురంలో బేస్‌బాల్ ఆడి పేరు తెచ్చుకున్న మనిషి. భుజం పాడయ్యాక ఆట మానేసి, ఆడపిల్లల జట్టుకి ఆట నేర్పి ఆడించే మేనేజరు అయ్యారు. ఈ ఆటలో మేనేజరు కూడా పిల్లల యూనిఫామే వేసుకుని, వీపు మీద అంకెతో నిలబడతారు. ఎందుకో నాకు తెలియదు. మా అమ్మాయి వైదేహి ఆ జట్టులోనే ఆడుతుంది.

నాకు తెలిసిన ఆట కొంచెమే. గ్రౌండులో మూడు మూలల్లో పరిచిన మూడు బేసులు చుట్టి, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. దాన్ని హోమ్ అంటారు. వస్తే ఒక పరుగు. పరిగెత్తే పిల్లకి బంతి ఎక్కడో వీపు వెనక ఉంటుంది, కనబడదు. అందుకని మూడో బేసు పక్కన మేనేజరు నిలబడి చేతులతో చెబుతారు. చెయ్యి గిర్రున తిప్పితే పరిగెత్తమని. రెండు అరచేతులూ ఎత్తితే ఆగమని.

పక్క జిల్లా జట్టుతో ఆటలో ఆయన అరచేతులు ఎత్తారు. వైదేహి ఆగలేదు.

హోమ్ దగ్గర బంతి కోసం కాచుకున్న అమ్మాయిని గుద్దుకుని పడింది. భుజం ఎముక విరిగింది. మా జట్టు ఓడిపోయింది. అందరూ దాని దగ్గరికి పరిగెత్తారు. ఓబులేసు గారు మాత్రం మూడో బేసు దగ్గరే ఉండిపోయారు. ఎత్తిన చేతులు దించలేదు.

పిల్ల పడిన చప్పుడు కన్నా నాకు ఆ చేతులే ఎక్కువ గుర్తొస్తున్నాయి.

మరునాడు ఆయన దగ్గర్నుంచి కబురు వచ్చింది. మాట విననిదానికి జట్టులో చోటు లేదు, ఇంక గ్రౌండుకి రావద్దు అని. నొప్పికి ఏడవని పిల్ల దానికి ఏడ్చింది. గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పళ్లెం ఎలా పెట్టానో అలాగే తీశాను.

బతిమాలుదామని ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్నారు.

"మా సార్ దగ్గరికే పోతాండానమ్మా. మీరూ రండి. ఆయన ఉంచమంటే ఉంచుతా. ఆయన మాట దాటను."

సార్ ఉంచమనరని ఆయనకి గట్టి నమ్మకం. అది నాకు తెలుస్తూనే ఉంది. అయినా వెళ్లాను.

ఖాదర్ వలీ సార్ గ్రౌండులోనే ఉన్నారు. ఓబులేసు గారికి బంతి పట్టడం నేర్పింది ఆయనే. ఇప్పుడు మోకాలు అరిగిపోయి కర్ర మీద నడుస్తున్నారు. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో చిల్లుల డబ్బా. డబ్బా ఊపుకుంటూ మూడో బేసు నుంచి హోమ్ దాకా సున్నంతో గీత పోస్తున్నారు.

"ఏమిరా ఓబులేసూ, ఓడిపోయిన మొగం చూపిద్దామని వచ్చినావా?"

"ఎగతాళి చేయొద్దు సార్. ఈమె ఆ పిల్ల తల్లి."

సార్ నన్ను చూశారు. నీడలో ఉన్న తన కుర్చీ చూపించి, "కూర్చో తల్లీ" అన్నారు. నీళ్ల సీసా నా పక్కన పెట్టారు.

ఓబులేసు గారు జరిగిందంతా చెప్పారు. తన చేతులు ఎంత ముందుగా ఎత్తారో, అది రెండుసార్లు చెప్పారు.

సార్ తలూపుతూ విన్నారు. "సరే. ఆ పాప నిన్ను దాటిపోయింది. అప్పుడు నువ్వేం చేసినావు?"

"నేనేం చేస్తా సార్? చేతులెత్తి అట్లే నిలబడినా. ఆగమన్యానని అందరికీ కనబడాల కదా."

"ఊ" అన్నారు సార్. డబ్బా ఊపారు. గీత ఇంకొంచెం ముందుకి సాగింది.

ఓబులేసు గారు కాసేపు ఆ గీతనే చూశారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"ఒకటి అడగాల సార్. గుంతకల్లు ఫైనల్లో మీరు చేతులెత్తినా నేను కూడా ఆగలేదు. దాటిపోయినా. నన్నెందుకు తీసేయలేదు?"

"గెలిచినావు కదప్పా."

"గెలిచినందుకేనా?"

"కాదు." సార్ గీత పోయడం ఆపారు. "ఎట్ల గెలిచినావో చెప్పు, విందాం."

"బంతి పట్టేటోడు ఎడమపక్క కాచుకోని ఉన్యాడు. నేను చూసుకోలేదు. నేరుగా వాని మీదికే పోతాండా. 'కుడికి జారు' అని ఎవరో అరిచినారు. నేలమీద పడి జారినా. హోమ్ తగిలింది."

"ఎవరు అరిచింది?"

"జనంలో ఎవరో."

"ఎవరని ఎప్పుడూ వెతకలేదా?"

"అంతమందిలో ఎవరని వెతికేది సార్?"

సార్ డబ్బా కింద పెట్టారు.

"పో. రెండో బేసు కాడ నుంచి పరిగెత్తుకోని రా. నేను చేతులెత్తుతా. నువ్వు ఆగొద్దు."

"ఇప్పుడా సార్? ఈ పొట్టతోనా?"

"అది నేను పెంచినానా? పో."

ఓబులేసు గారు నా వైపు చూసి సిగ్గుపడ్డారు. వెళ్లారు. పరిగెత్తారు. మొదట బరువుగా, తర్వాత నిజంగానే. ఒకప్పుడు ఆయన ఎలా ఆడి ఉంటారో కొంచెం తెలిసింది.

మూడో బేసు దగ్గర సార్ రెండు అరచేతులూ ఎత్తారు. కర్ర కింద పడిపోయింది. ఓబులేసు గారు దాటి వెళ్లిపోయారు.

ఆ తర్వాత జరిగింది నేను అనుకోలేదు. కర్ర లేకుండానే సార్ కూడా కదిలారు. గీత పక్కన, ఒక కాలు ఈడ్చుకుంటూ, గెంతుతూ, ఆయన వెనకాలే. నేను లేచి నిలబడ్డాను.

"కుడికి! కుడికి జారు!"

అంత సన్నటి మనిషిలో అంత గొంతు ఎక్కడుందో. గోడ అవతల గడ్డి మేస్తున్న మేకలు తలెత్తాయి.

ఓబులేసు గారు జారలేదు. హోమ్ మీద ఆగిపోయారు. వెంటనే వెనక్కి తిరగలేదు. అటే నిలబడ్డారు.

తిరిగేసరికి సార్ సగం దారిలో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నారు. కొత్తగా పోసిన గీత చెరిగిపోయింది. మట్టిలో బూట్ల గుర్తులు ఉన్నాయి. వాటి పక్కనే చెప్పులు ఈడ్చిన గుర్తులు, సార్ ఆగిన చోటి దాకా.

"మీరు ఆగమని కదా చూపించినారు సార్?"

"చూపించినా. నువ్వు దాటిపోయినావు." సార్‌కి ఊపిరి అందడం లేదు. "దాటినాక ఇంగేం ఆపేది?"

ఓబులేసు గారు వెనక్కి నడిచారు. మూడో బేసు దాకా వెళ్లి, కర్ర తీసి, మట్టి దులిపి, సార్ చేతికి ఇచ్చారు. సార్ నిలదొక్కుకునే దాకా మోచేయి పట్టుకున్నారు.

తర్వాత నా దగ్గరికి వచ్చారు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"అమ్మా," అన్నారు, "పాపకి ఏ భుజం? నేను చూడనే లేదు."