నస అంటే ఏంటి?

విరూపాక్షానికి ధ్యానం కుదరడం లేదు. మఠంలో చేరి ఆర్నెల్లయింది. కళ్లు మూసుకుని కూర్చోగానే ఏదో ఒకటి. తలుపు కిర్రుమంటే నస. పక్కవాడు దగ్గితే నస. అన్నిటికంటే పెద్ద నస, వెనక ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా ఆమె.

ఆమెకు అంకెలు రావు. రోజూ మధ్యాహ్నం బట్టీలో అన్నాల వేళ, నంబరు రాసిన కాగితం పట్టుకుని వచ్చేది. మఠం ఫోన్లో, సొంతూళ్లో ఉన్న కూతురికి కలిపి ఇమ్మనేది. ఆమె నీడ గుమ్మంలో పడగానే "వచ్చింది నస" అంటూ లేచేవాడు విరూపాక్షం.

ఆ రోజు గురువు ముత్యాలదాసు అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు.

"అయ్యా, ఈ నస ఎట్లా వదులుతుంది?" అని అడిగాడు విరూపాక్షం.

ఆయన జవాబిచ్చేలోగా ఆమె రానే వచ్చింది. ఆ మాట విని నవ్వింది.

"నస, నేనే బాబా," అంది గురువుతో, వచ్చీరాని తెలుగులో. "బట్టీలో అందరూ 'ఏయ్' అంటారు. ఈ బాబు ఒక్కడే పేరు పెట్టాడు. కూతురికి చెప్పాను. అంటే ఏంటి అని అడిగింది." విరూపాక్షం వైపు తిరిగింది. "ఏంటి బాబూ?"

విరూపాక్షం గురువు వైపు చూశాడు.

"నీ మాట. నువ్వే చెప్పు," అన్నారాయన.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన చూపు ముందు ఆగిపోయింది.

"విసిగించేది... అని," అన్నాడు తల వంచుకుని.

ఆమెకు ఆ మాటా తెలియదు. గురువు కల్పించుకోలేదు. చివరికి, చెవి దగ్గర ముసిరే ఈగను తోలినట్టు చెయ్యి ఊపి చూపించాల్సి వచ్చింది.

ఆమె ఆ చేతినే చూసింది. నవ్వు ఆగింది.

"అవును," అంది. "రోజూ వస్తున్నా కదా."

గురువు చేతులు తుడుచుకుని లేచారు. కాగితం అందుకుని, ఒక్కో అంకే వెతికి నొక్కి, ఫోన్ ఆమె చెవికి ఆనించారు. రోజూ పావుగంట మాట్లాడే మనిషి, రెండు ముక్కలు మాట్లాడి తిరిగి ఇచ్చేసింది. విరూపాక్షానికి కూడా దణ్ణం పెట్టి మెట్లు దిగింది.

అతను నించున్న చోటే ఉండిపోయాడు.

"అయ్యా, ఇప్పుడేం చెయ్యను?" అని అడిగాడు.

గురువు మళ్లీ చింతపండు ముందు కూర్చున్నారు.

"పరుగెత్తు. ఆమె పేరు అడిగి రా."