ఊయల కీలుపెట్టె

అనగనగా అని నేనంటే, ఊ అని మీరనాలి నాయనలారా. ఊ కొట్టేవాళ్లుంటేనే నా గొంతు పలుకుతుంది. పలికించేవాడు పైనున్నాడు.

అనగనగా మేడికొండ రాజ్యంలో చెంగయ్య అనే గానుగవాడు ఉండేవాడు. పగలంతా నూనె ఆడేవాడు. ఎద్దును విప్పాక ఉలి పట్టేవాడు. చెక్కపని అతని కులవృత్తి కాదు, సరదా.

"గానుగ చుట్టూ తిరిగేవాడికి వడ్రంగం దేనికోయ్?" అని ఊళ్లోవాళ్లు ఎకసెక్కాలాడేవాళ్లు. చెంగయ్య నవ్వి ఊరుకునేవాడు.

అతని తల్లి వెంగమ్మ. ప్రతి పౌర్ణమికీ వేణుగోపాలస్వామి ఊయల తాడు లాగే సేవ ఆమెది. నలభై ఏళ్లు లాగింది. ఆ ఏడు వేసవిలో చేతుల్లో పట్టు పోయింది. ముద్ద కూడా నిలవడం లేదు.

"ఒరే చెంగా, శ్రావణ పౌర్ణమినాడు ఒక్కసారి నా చేత్తో స్వామిని ఊపాలిరా. ఆ తర్వాత ఆయన పిలిచినా బెంగలేదు" అంది.

ఆ రోజుల్లో రత్నపట్టణంలో కాళహస్తాచారి అనే శిల్పి కీలుపెట్టెలు చేసి, అడిగినవాళ్లకల్లా ఊరికే ఇచ్చేవాడు. లోపల పళ్లచక్రాలు, పైన లక్కముద్ర. వేలితో దారం లాగితే చాలు, పెద్ద బరువైనా ఊగుతుంది. వాడే విధం తాటాకు మీద రాసి ఇచ్చేవాడు.

చెంగయ్య అటు వెళ్లే బండివాడిచేత ఒక పెట్టె తెప్పించుకున్నాడు. మహాశిల్పి చేసింది కదా! పసుపు రాసి, బొట్టు పెట్టి, రోజూ ఉదయం నీళ్లతో అభిషేకం చేసి దణ్ణం పెట్టేవాడు. ముందు సరిచూడటానికి పెరట్లో ఒక ఊయల కట్టి, దానికి పెట్టె బిగించాడు. పెట్టె పక్కనున్న మర కుడికి తిప్పమని తాటాకులో ఉంది. ఎంత తిప్పినా తిరగలేదు.

రెండు రోజులు నడిచి పట్టణం వెళ్లాడు. వాకిట్లో కూర్చున్న ఆచారి అల్లుడు ఆకు చూసి, "అది పాత పెట్టె తాటాకయ్యా. దీనికి ఎడమకి తిప్పాలి" అన్నాడు.

"మరి ఆ మాట రాయొద్దా బాబూ?"

"ఊరికే వచ్చినదానికి ఇన్ని ప్రశ్నలా?"

ఇంటికొచ్చి ఎడమకి తిప్పాడు. ఊయల తొమ్మిదిసార్లు ఊగి, బిగుసుకుపోయింది.

రెండోసారి వెళ్లాడు. అల్లుడు కొత్త పెట్టె చేతిలో పెట్టి, "ఇది ఇంకా మేలైంది" అన్నాడు. తీరా చూస్తే దాని మేకులు పాత బెజ్జాల్లో దూరవు. చెంగయ్య ఊయల దూలమంతా మళ్లీ తొలిచాడు. దానికీ పసుపు, అభిషేకం మానలేదు. ఈసారి చక్కగా ఊగింది. వెంగమ్మ కళ్లు మెరిశాయి. మూడో రోజుకు అదీ బిగుసుకుంది.

పౌర్ణమి ఇక ఎనిమిది రోజులే.

పెట్టె చంకన పెట్టుకుని మూడోసారి బయల్దేరాడు. దారంతా తిట్లు కూడగట్టుకున్నాడు. అల్లుణ్ణి తోసుకుని లోపలికి వెళ్లాడు. అక్కడ చూపు మందగించిన ముసలివాడొకడు సాయమెవరూ లేక ఒక్కడే చక్రానికి పళ్లు కోస్తున్నాడు. చుట్టూ నలభైమంది పెట్టెలు ఎత్తిపట్టి అరుస్తున్నారు. చెంగయ్య తిట్లు మరిచి చేతులు జోడించాడు.

"ఆచారిగారూ, మా అమ్మ చేతులకు తమరి పెట్టే దిక్కు. మాటిమాటికీ బిగుసుకుంటోందండి."

"లోపల చూశావా నాయనా?"

"తమరి పనిని విప్పడమా! అపచారం కాదూ?"

"నేను దేవుణ్ణి కాను. లక్క పెట్టింది దుమ్ము పడకుండా. చూడొద్దని కాదు. విప్పు."

చెంగయ్య దణ్ణం పెట్టుకుని విప్పాడు. చక్రాల మధ్య చెక్కమేకు ఉబ్బి ఉంది. దానినిండా పసుపు మరక.

"రోజూ అభిషేకం చేశానండి" అన్నాడు చిన్నగా.

ఎవరూ నవ్వలేదు. ఆచారి ఆ మేకును వేళ్లతో తడిమాడు. "మాది వానలేని సీమ. నీళ్లు తగలకూడదని రాయాలనే తోచలేదు నాకు. నీ తప్పులో సగం నాది. కానీ వానాకాలపు గాలికైనా ఇది ఉబ్బేదే. దానికి మందు నాకు తెలీదు."

చెంగయ్య ఆ మేకు వంకే చూశాడు. ఇరవై ఏళ్లుగా వానలో తడుస్తున్న తన గానుగ రోకలి గుర్తొచ్చింది.

"నాకు తెలుసండి. నూనె తాగిన చెక్క నీళ్లు తాగదు."

ఇల్లు చేరాడు. మేకును సన్నగా చెక్కి, మూడు రోజులు నువ్వులనూనెలో నానబెట్టి, తుడిచి బిగించాడు. మర్నాడే పౌర్ణమి.

తెల్లవారకముందే వాన పట్టుకుంది. గుడి పైకప్పు కారుతోంది. చెంగయ్య పెట్టెను స్వామి ఊయలకు బిగించి, వెంగమ్మను ఎత్తుకొచ్చి కూర్చోబెట్టి, ఆమె వేలికి దారం చుట్టాడు. పూజారి గంట ఆపాడు. వేలు కదిలింది. స్వామి ఊగాడు. తొమ్మిది దాటింది. నూరు దాటింది. హారతి అయ్యేదాకా ఊయల ఆగలేదు.

"చాలు తండ్రీ" అంది వెంగమ్మ. కొడుకుతో అందో స్వామితో అందో ఎవరూ అడగలేదు. ఆ కార్తీకంలో ఆమె ప్రశాంతంగా కన్నుమూసింది.

పెద్దకర్మ అయ్యాక చెంగయ్య నాలుగోసారి పట్టణం వెళ్లాడు. ఈసారి చంకలో నూనెకుండ, చేతిలో తాటాకు. ఆకు మీద ఒకటే మాట: "మేకును మూడు రోజులు నూనెలో నానబెట్టాలి." ఆచారి దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఆనాటి నుంచి ప్రతి పెట్టెతోనూ ఆ ఆకు వెళ్లింది.

కాబట్టి నాయనలారా, ఒకరు చేసి ఇచ్చిన వస్తువుకు దణ్ణం పెట్టండి, కానీ విప్పి చూడటం మానకండి. అందులో లోపం కనబడితే తిట్టి వదిలేయక, సరిదిద్ది పదిమందికీ చెప్పడమే ఇచ్చినవాడి రుణం తీర్చుకోవడం.