చెయ్యి ఒప్పుకునేదాకా

డాక్టర్ హిమజ చెయ్యి చురుకైనది. ఆగడం మాత్రం దానికి తెలియదు.

ఛాతీ ఆసుపత్రిలో ఆమె పెద్ద డాక్టర్ కూర్మనాథం గారి దగ్గర పని నేర్చుకుంటోంది. ఇప్పుడు వాళ్ళ ముందున్న పేషెంటు మౌలాబీ. ఊరూరా తిరిగి గాజులు అమ్ముకునే మనిషి. క్షయ మందులన్నీ బుద్ధిగా మింగింది, జబ్బు పోయింది. పోతూ పోతూ ఎడమ ఊపిరితిత్తికి గాలి వెళ్ళే గొట్టంలో మచ్చ వదిలిపోయింది. ఆ మచ్చ బిగిసి గొట్టం సన్నబడింది. నాలుగు మెట్లెక్కితే చాలు, పిల్లికూతలు. ఇలాగే వదిలేస్తే ఆ ఊపిరితిత్తి పనికి రాకుండా పోతుంది.

గొంతులోంచి చిన్న బెలూన్ దించి, దాన్ని ఉబ్బించి, గొట్టాన్ని వెడల్పు చేయాలి.

"పెద్ద బెలూనే వేద్దాం సార్. ఒక్క రోజులో తేలిపోతుంది. లేకపోతే పాపం, మూడుసార్లు తిరగాలి," అంది హిమజ.

"అవును సార్, ఒక్కసారే కానిచ్చెయ్యండి," అంది మౌలాబీ మంచం మీంచి.

ఒక్కసారే అంత సాగదీస్తే గొట్టం చిరిగి, రక్తం కారి ప్రాణం మీదికి వస్తుందని హిమజకు తెలుసు. పుస్తకంలో ఉంది. పుస్తకంలో ఉన్నది తన చేతుల్లో జరగదనుకునే వయసు ఆమెది.

కూర్మనాథం గారు వాదించలేదు. మంచం కింద ఉన్న ఆమె గాజుల మూట చూపించి, "మౌలాబీ, మా డాక్టరమ్మకు గాజులు తొడుగు. బిగువుగా ఉండేవి," అన్నారు.

హిమజకు నవ్వొచ్చింది. ఇదొక పనా అన్నట్టు తనే ఒక గాజు తీసుకుని ఎక్కించుకోబోయింది. బొటనవేలి ఎముక దగ్గర పట్టేసింది. గట్టిగా తోసింది. గాజు పుటుక్కున విరిగి, చర్మం గీరుకుపోయి రక్తం వచ్చింది.

"తొయ్యమాకమ్మా! ఆ రెండో చెయ్యి ఇటియ్యి," అంది మౌలాబీ.

అదే కొలతది ఇంకోటి తీసింది. ఆయాసపడుతూనే అరచెయ్యి మెత్తగా నొక్కి, బొటనవేలు లోపలికి మడిచి, కొంచెం ఎక్కించింది. ఆగింది. చెయ్యి నిమిరింది. మళ్ళీ కొంచెం. మళ్ళీ ఆగింది.

"మాటిమాటికీ ఆగుతావేం?" అడిగారు కూర్మనాథం గారు, ఏమీ ఎరగనట్టు.

"చెయ్యి ఒప్పుకోవాలి గదా సార్."

గాజు మణికట్టు మీదికి జారింది. హిమజ దాన్ని ఒకసారి తిప్పి చూసుకుంది. తర్వాత లేచి వెళ్ళి, అన్నిటికన్నా చిన్న బెలూన్ సిద్ధం చేయమని సిస్టర్‌కు చెప్పింది.

మౌలాబీ రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు తిరిగింది. మూడుసార్లూ కూర్మనాథం గారు గ్లవ్స్ వేసుకుని హిమజ పక్కనే నిలబడ్డారు, అవసరమైతే అందుకోవడానికి. కెమెరా తెర మీద గొట్టం గోడ తెల్లబడగానే హిమజ ఆగేది. బెలూన్ ఉబ్బు తీసేసేది. గోడ మళ్ళీ ఎర్రబడేదాకా చూసేది.

మూడోసారి పని పూర్తయ్యాక ఆమె మౌలాబీ వీపు ఎడమవైపు స్టెతస్కోపు పెట్టింది. లోపలికి గాలి హాయిగా పోతోంది. హిమజకు కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ ఎంత భయపడిందో ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఇంకాస్త పెద్ద బెలూన్ ఉంది," అన్నారు కూర్మనాథం గారు.

"వద్దు సార్. ఆమెకు ఇది చాలు."

ఆయన గ్లవ్స్ విప్పేశారు.

"అయితే రేపటి కేసుకు నేను రాను," అన్నారు.