రాయుడుగారి నెయ్యి పరీక్ష

కోటవీధి మలుపులో మంగతాయికి చిన్న పచారీ కొట్టు ఉండేది. ఆ రాజ్యంలో తినే సరుకులను పరీక్షించే అధికారి పానకాలరాయుడు. మనసుపడ్డ సరుకునల్లా చెడిపోయిందని చెప్పి, పారబోయిస్తానంటూ బండికెక్కించుకుపోవడం ఆయనకు అలవాటు.

ఒకనాడు రాయుడు ఆమె కొట్లో నేతిజాడీ మూత తీశాడు. వీధంతా ఘుమఘుమలాడింది.

"ఛీ, విషం! ఇది తిన్నవాడు సాయంత్రం దాకా బతకడు. కొట్టు మూసెయ్!" అని పదిమందిలో అరిచి జాడీ పట్టుకుపోయాడు.

కొట్టు మూస్తే మంగతాయి ఇంట్లో పొయ్యి వెలగదు. ఆమె బండి వెనకే వెళ్లింది. బండి తిన్నగా ఆయన ఇంటికే పోవడం చూసి, ఆస్థాన వైద్యుణ్ణీ వీధిజనాన్నీ వెంటబెట్టుకుని పరుగెత్తింది. రాయుడు విస్తరి ముందు కూర్చుని పప్పన్నంలో ఆ నెయ్యే ధారగా పోసుకుంటున్నాడు.

"అయ్యో, బాబుగారు విషం తినేస్తున్నారు! వైద్యులుగారూ, కాపాడండి!" అని గొల్లుమంది.

వైద్యుడు ఆముదం బుడ్డి తీశాడు. "మొత్తం తాగించాలి, పట్టుకోండర్రా!" అన్నాడు. నలుగురు రాయుణ్ణి కదలకుండా పట్టుకున్నారు.

"వదలండి! నెయ్యి బంగారంలా ఉంది!"

"మరి పొద్దున విషమన్నారే బాబూ?" అంది మంగతాయి.

బుడ్డి మూతికి తగిలేసరికి రాయుడు బావురుమన్నాడు. "అబద్ధం చెప్పానమ్మా!"

వైద్యుడి నోట ఆ సంగతి విన్న రాజుగారు రాయుడి కొలువు ఊడబెరికారు. మంగతాయి మాత్రం అప్పుడే జాడీ ఎత్తుకుని, జనం వెంటరాగా వెళ్లి కొట్టు తెరిచింది. పొద్దుగూకేలోగా చుక్క మిగల్లేదు. అధికారిగారే తిని మెచ్చుకున్న నెయ్యి మరి!