గదిలో పుట్టిన మాట

“వారంలో మూడు రోజులు నీళ్లు నేను మోస్తాను.” ఇన్నీసుపేటలో ఇద్దరం కలిసి మేడమీద గది తీసుకున్న రోజు బుల్లెబ్బాయికి నేనిచ్చిన మాట ఇది. రెండో వారానికే తప్పాను. మీటింగులు, కరపత్రాలు, గోడ రాతలు. ప్రపంచాన్ని మార్చే పనిలో ఉన్నవాడికి బిందెలు గుర్తుంటాయా? ఆర్నెల్లూ అతనే మోశాడు. చివరికి ఒకటో తారీకున వేరే గదికి వెళ్లిపోతున్నానన్నాడు. కోపంగా అని ఉంటే వాదించి గెలిచేవాణ్ణి. మామూలుగా అన్నాడు. అతను లేని గదిని తలుచుకుంటే దిగులేసింది.

ఆ ఆదివారం ఏసుపాదం మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఫాదరు కావాలని సెమినరీలో చేరి, లాటిన్ నేర్చుకుని, పెళ్లి చేసుకుని బయటికొచ్చేసిన మనిషి. ఇంగ్లీషు మాటల వేళ్లు తవ్వి చూపడం ఆయనకు సరదా. అయితే మనుషుల్ని పిలిచే మాట గురించి ఎవరు అడిగినా, ఆ మాటతో ఎవరిని పిలుస్తున్నావో ముందు వాళ్లను తీసుకురమ్మంటారు. బుల్లెబ్బాయిని నేను పిలిచే ‘కామ్రేడ్’ ఎక్కడిదని అడిగాను. వెళ్లి, టిఫిన్ హోటల్లో అట్లు పోస్తున్న బుల్లెబ్బాయిని వెంటబెట్టుకొచ్చాను.

మాస్టారు మొదట నా గురించి అతన్ని అడిగారు. నాకు వంకాయ పడదని, వానొస్తే దగ్గొస్తుందని, నిద్రలో నినాదాలిస్తానని చెప్పాడు.

“ఒక్కోసారి నేనూ జిందాబాద్ అంటానండీ. లేకపోతే ఆపడు.”

తర్వాత నావైపు తిరిగి, ఇతనికి వారంలో సెలవెప్పుడని అడిగారు. కార్మికుడికి వారపు సెలవు కావాలని ఊరంతా కరపత్రాలు పంచినవాణ్ణి. ఆదివారం కాబోలన్నాను.

“ఇవాళ ఆదివారమేగా బాబూ,” అన్నాడు బుల్లెబ్బాయి. “ఓనర్ని గంట పర్మిషన్ అడిగొచ్చాను.”

మాస్టారు నవ్వలేదు. మాట మూలం చెప్పారు. లాటిన్‌లో ‘కామెరా’ అంటే గది. ఆ మాట నుంచే స్పెయిన్ సైనికులు తమతో ఒకే గదిలో పడుకునేవాడికి పేరు పెట్టుకున్నారు. అది ఫ్రెంచి వాళ్ల నోట నలిగి ఇంగ్లీషుకు చేరింది. ఎర్రజెండాలు చాలా తర్వాత వచ్చాయి.

నేను బుల్లెబ్బాయిని వెళ్లొద్దన్నాను. చూద్దాంలే అన్నాడు గానీ, మొహం తేటగా ఉంది.

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు.

“ఇతని సెలవు ఏ రోజో నువ్వే గమనించి తెలుసుకుని నాకు చెప్పు. నువ్వు అడగకూడదు, ఇతను చెప్పకూడదు. ముప్పయ్యో తారీకు దాకా గడువు.”