బూజు దులిపిన లెన్సు

అనగనగా ఒక ఊరు. ఒక చెవి సముద్రానికే ఒప్పగించేసిన ఊరు. అక్కడ హోరు ఆగదు, గాలి ఆగదు. ఆ ఊళ్ళో లైట్‌హౌసుకి పోయే వీధిలో బ్రహ్మలింగాచారి అని ఒకాయన ఉండేవాడు. వాళ్ళ తాతలది బంగారప్పని. ఈయనకి మాత్రం కెమెరాల పని పట్టుబడింది.

కెమెరా అంటే మీ నాన్న ఫోనులో ఉండేది కాదమ్మడూ. అప్పటి సినిమా కెమెరా ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. లోపల రీలు గిరగిరా తిరుగుతుంది. ముందు లెన్సు ఉంటుంది. లెన్సంటే దానికి కన్నన్నమాట. ఇత్తడి గొట్టంలో గాజుబిళ్ళలు ఒకదాని వెనక ఒకటి కూర్చుని ఉంటాయి, బస్సులో జనం కూర్చున్నట్టు.

ఉప్పుగాలి తగిలితే ఇనుముకి తుప్పు, గాజుకి బూజు. బూజంటే మన అటక మీద పట్టేదే అనుకో, కాకపోతే దానికన్నా చాలా సన్నం. అందుకే బ్రహ్మలింగాచారికి ఏ రోజూ పనికి లోటు లేదు. సినిమావాళ్ళు సముద్రం దగ్గర షూటింగుకి వచ్చినప్పుడల్లా ఆయన గుమ్మం ముందు కారు ఆగేది.

ఆయన పనికి మూడు పద్ధతులుండేవి. ఇల్లు ఊడ్చి, నీళ్ళు చల్లి, దుమ్మంతా అణిగాకగానీ లెన్సు విప్పేవాడు కాదు. అప్పుడు ఆయన భార్య కాంతామణి చీర దులిపినా ఊరుకునేవాడు కాదు. ఆ తర్వాత, లెన్సు మర తిప్పి విప్పే ముందు, అది ఎక్కడ విడివడుతుందో అక్కడ సూదితో చిన్న గీత గీసేవాడు. మళ్ళీ అక్కడే ఎక్కించకపోతే ఆ లెన్సుకి దూరంలో ఉన్న కొండ కనిపించదు, దగ్గరున్న కొబ్బరిచెట్టూ కనిపించదు. ఇక మూడోది, బాగుచేసిన లెన్సుతో ఒక బొమ్మ తీసి చూసుకోందే గిరాకీ చేతికి ఇచ్చేవాడు కాదు. అందుకని ఒక చెక్కపెట్టె చేసుకున్నాడు. దానికి సినిమా లెన్సు తగిలిస్తే బొమ్మ గుండ్రంగా, అప్పడంలా పడేది.

పద్ధతులు మూడైతే, దుర్గుణం ఒకటి. మురికి కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. బంధువుల ఇంటికి భోజనానికి వెళ్ళినా గోడమీది గడియారం దించి తుడిచేసేవాడు. కాంతామణి తల పట్టుకునేది.

ఒకరోజు దామోదరం గారని ఒక కెమెరామాను వచ్చాడు. తలపాగా చుట్టినట్టు పాత తువ్వాలు చుట్టి ఒక లెన్సు తెచ్చాడు.

"ఆచారీ, రింగు బిగుసుకుపోయింది. తిప్పితే తిరగట్లేదు. ఎల్లుండి షూటింగు. రింగు ఒక్కటి చూడు" అన్నాడు.

బ్రహ్మలింగాచారి ఇల్లు ఊడ్పించాడు, నీళ్ళు చల్లించాడు. అప్పుడు గీత గీసి రింగు విప్పాడు. లోపలి గ్రీజు ఎండి బెల్లంపాకంలా గట్టిపడి ఉంది. దాన్ని తీసి కొత్త గ్రీజు పెట్టాడు. పని అక్కడితో అయిపోయింది. మళ్ళీ మూసేస్తే సరిపోయేది.

కానీ మూయబోతూ లెన్సుని వెలుతురుకి ఎత్తి చూశాడు. గాజుబిళ్ళల మధ్య బూజు! ఏళ్ళనాటి బూజు, తెల్లగా, పలచని మజ్జిగ పోసినట్టు. ఇంకేముంది, చెయ్యి ఊరుకోలేదు. బిళ్ళలన్నీ విప్పాడు. దూది పెట్టి, స్పిరిట్ పెట్టి, బూజు మొత్తం తుడిచేశాడు. లెన్సు బావినీళ్ళలా తేటపడింది. ఆయనకి మహదానందం. వీధిలో పోయేవాళ్ళని కూడా పిలిచి చూపించాడు.

మర్నాడు పొద్దున్నే దామోదరం గారు వచ్చాడు. లెన్సు కంటి దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకుని అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఎవడు తుడవమన్నాడయ్యా నిన్ను?"

"బూజండీ. బూజు పట్టింది."

"నాకు తెలీదా? ఆ బూజు కోసమేనయ్యా ఈ సినిమా అంతా!"

సంగతేమిటంటే, నీలాంబుజం గారని పెద్ద నటి ఉండేది. ఆవిడ చాలాకాలం కిందటే వేషాలు మానేసింది. మానేసేముందు చేసిన సినిమాలన్నీ దామోదరం గారే తీశాడు, ఈ లెన్సుతోనే తీశాడు. ఆవిడ ముఖంలో గీతలు పెరిగేకొద్దీ లెన్సులో బూజూ పెరిగింది. రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. తెరమీద ఆవిడకి వయసే రాలేదు. ఇప్పుడు ఒకే ఒక్క వేషానికి ఒప్పుకుంది, అదీ ఆ లెన్సుతో తీస్తేనే అంది. ముందు ఒక బొమ్మ తీసి చూపించాలట. నచ్చితే రంగు వేసుకుంటుంది, నచ్చకపోతే వచ్చిన కారులోనే వెళ్ళిపోతుంది.

"ఆవిడ వెళ్ళిపోతే సినిమా ఆగిపోతుంది. ఎందుకాగిందని అడిగితే నీ పేరే చెప్తాను. ఇక చూసుకో, ఎవడైనా నీ గుమ్మం తొక్కుతాడేమో!" అన్నాడు దామోదరం గారు.

బ్రహ్మలింగాచారి తుడిచి పడేసిన దూది వైపు చూశాడు. తుడిచిన బూజుని మళ్ళీ ఎక్కడినుంచి తెస్తాడు?

"పట్టించుకోకుండా అటక మీద పడేస్తే అదే పడుతుంది" అంది కాంతామణి లోపల్నుంచి.

"ఎల్లుండికి పడుతుందా?" అన్నాడు బ్రహ్మలింగాచారి కంగారులో.

"ఎల్లుండి కాదు, రేపే!" అని కసిరాడు దామోదరం గారు.

అప్పుడు బ్రహ్మలింగాచారి కాంతామణిని పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. లెన్సుని చెక్కపెట్టెకి తగిలించాడు. ముందు ఒక గాజుపలక పెట్టి, దానికి ఉడుకుతున్న అన్నం ఆవిరి పట్టించి బొమ్మ తీశాడు. గాలికి సగం ఆవిరి ఆరిపోయింది. బొమ్మలో సగం ముఖం మబ్బు, సగం ముఖం ఎండ.

"ఇటు పెళ్ళికూతురు, అటు అత్తగారు" అంది కాంతామణి.

ఆ తర్వాత పలకకి కొబ్బరినూనె రాసి తీశాడు. ముఖం మొత్తం పక్కకి జారిపోయింది.

"నన్ను పెనం మీద వేయించారా ఏమిటండీ?" అంది కాంతామణి.

అప్పుడు ఆయనకి ఇంకో ఆలోచన తట్టింది. కాంతామణి పాత పట్టు వోణీ ఒకటుంది. వాడి వాడి అవతల మనిషి కనిపించేంత పలచబడింది. అందులో చిన్న ముక్క కత్తిరించి, లెన్సు వెనక బిగించి కట్టి తీశాడు. బొమ్మ వచ్చింది. కాంతామణి దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చూసింది. లోపలికి వెళ్ళి అద్దంలో చూసుకుని వచ్చి, మళ్ళీ బొమ్మ చూసింది.

"ఏవండీ, మన పెళ్ళినాడు కూడా నేనింత బాగాలేను కదా?"

దామోదరం గారు లేచి నిలబడ్డాడు. "చాలు. ఆ గుడ్డముక్క జాగ్రత్త" అన్నాడు.

మర్నాడు నీలాంబుజం గారు వచ్చి ట్రావెలర్స్ బంగళాలో దిగింది. బ్రహ్మలింగాచారి చెక్కపెట్టె పట్టుకుని వెళ్ళాడు. ఆవిడ వరండాలో కూర్చుంది. పలచటి మనిషి, తెల్లచీర, ముఖానికి పౌడరు కూడా లేదు. పలకరింపులు లేవు. "కానివ్వు నాయనా" అంది, అంతే.

ఆయన రెండు బొమ్మలు తీశాడు. ముందు వోణీముక్క లేకుండా ఒకటి, ఎందుకంటే గురి, అంటే బొమ్మ తేటగా పడుతోందో లేదో, ఉత్త గాజులోనే తెలుస్తుంది. తర్వాత ముక్క కట్టి ఇంకొకటి.

బంగళా స్నానాలగదిలో బల్బుకి ఎర్రకాగితం చుట్టి, మందునీళ్ళ పళ్ళేలు పెట్టుకుని, బ్రహ్మలింగాచారీ దామోదరం గారూ బొమ్మలు కడిగారు. అది ఒక మనిషి పట్టే గది. ఒకరు వంగితే ఇంకొకరు నిక్కాలి. బొమ్మలు రెండూ తేలాయి. ఒకదాంట్లో పాతికేళ్ళ నీలాంబుజం గారు, వెన్నముద్దలా. రెండోదాంట్లో ప్రతి గీతా ఉంది. నుదుటి మీద, నోటి పక్కన, కళ్ళ కింద, ఇసుకలో అల వెళ్ళిపోయాక మిగిలిన గీతల్లా.

"అది చింపెయ్యి" అన్నాడు దామోదరం గారు.

"గురి చూసుకోవాలి కదండీ."

"చూశావుగా! చింపు!"

"తడి కాగితం చిరగదండీ, సాగుతుంది."

"అయితే మింగెయ్యి!"

ఆ కేకలు వరండాలోకి వినిపించాయి. నీలాంబుజం గారు లేచి వచ్చి తలుపు తోసింది. బొమ్మలు అప్పటికే మంచినీళ్ళలో పడ్డాయి కాబట్టి, లోపలికి పడిన వెలుతురుకి పాడవలేదు. ఆవిడ ఎవరినీ అడగలేదు, నీళ్ళలో చెయ్యి పెట్టి పైనున్న బొమ్మ తీసింది. అది గీతల బొమ్మ.

దామోదరం గారు కళ్ళు మూసుకున్నాడు. బ్రహ్మలింగాచారికి మనసులో తన కొట్టు తలుపులు మూసేసినట్టు, తాళం కప్ప వేసినట్టు కనిపించింది.

ఆవిడ చాలాసేపు చూసింది. చేతిమీద నుంచి నీళ్ళు కారి చీర తడిసింది.

"ఈవిడ మీకు ఎక్కడ దొరికింది?" అంది.

"మీరేనమ్మా" అన్నాడు బ్రహ్మలింగాచారి.

"నేను కాదు. ఇది మా అమ్మ."

ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"మా అమ్మకి ఒక్క ఫోటో కూడా లేదు నాయనా. నావి ఊరూరా గోడలమీద అంటించారు. ఆవిడని ఎవరూ తియ్యలేదు. నేనూ తీయించలేదు. ముఖం ఎప్పుడో మర్చిపోయాను" అంది. అంటూ బొమ్మలో నోటి పక్కన ఉన్న గీత మీద వేలు పెట్టింది. "ఇదిగో, నవ్వు ఆపుకున్నప్పుడు ఇక్కడ ఇలాగే మడత పడేది."

దామోదరం గారు నెమ్మదిగా రెండో బొమ్మ ముందుకి జరిపాడు. "అమ్మా, ఇది కూడా చూడండి. ఇదైతే బాగా..."

ఆవిడ చూసింది. "ఈ పిల్లని చాలాసార్లు తీశావులే దామోదరం" అని దాన్ని మళ్ళీ నీళ్ళలోకి వదిలేసింది. అప్పుడు బ్రహ్మలింగాచారి వైపు తిరిగింది. "లెన్సుకి ఏం చేశావు?"

"తుడిచానమ్మా. అడక్కుండా తుడిచాను. తప్పే."

"తప్పే" అంది ఆవిడ. "గుడ్డముక్క తీసెయ్యి."

ఆ సాయంత్రం సముద్రం ఒడ్డున షూటింగు జరిగింది. నీలాంబుజం గారు ఇసుకలో పీట వేసుకుని కూర్చుంది. రంగు వేసే మనిషి పెట్టె తెరిస్తే, వద్దని చెయ్యి ఊపింది. దామోదరం గారు అలవాటు కొద్దీ కెమెరాని దూరంగా నిలబెట్టాడు.

"దగ్గరికి రావయ్యా" అంది ఆవిడ.

కెమెరా దగ్గరికి జరిపారు.

"ఇంకా."

ఇద్దరు మనుషులు ఎత్తి ఇంకాస్త జరిపారు.

"ఇంకా దగ్గరికి. మా అమ్మకి దూరం నుంచి కనిపించేది కాదు."

అప్పుడు కెమెరాని ఆవిడ ఒళ్ళో పెట్టినంత దగ్గరగా పెట్టారు. ఆవిడ లెన్సులోకి చూసి, నవ్వు ఆపుకుంది.

కథ కంచి బస్సెక్కింది,
కెమెరా కన్ను మూతపడింది,
హోరుమనే సంద్రం సద్దుమణిగింది,
అమ్మడి రెప్ప బరువెక్కింది,
మనం ఇంట్లోనే ఉన్నాం, దుప్పటి కప్పడమే మిగిలింది.