మర్చిపోయానన్న భాష

ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో ఇప్పుడు నేను తారుమారు చేసినా చేస్తాను. సన్యాసమ్మ ఆ ప్రశ్న అడగడం మాత్రం అన్నిటికంటే ముందు. అది గట్టిగా జ్ఞాపకం.

జూట్ మిల్లు వెనక వీధిలో దాలినాయుడు గురువుగారి పీఠం ఉండేది. ఎవరేమడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కారు. చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. సన్యాసమ్మ తండ్రి ఈ జిల్లావాడే, తల్లి బర్మా మనిషి. సన్యాసమ్మ రంగూన్‌లో పుట్టి పెరిగింది. మనవాళ్లని అక్కణ్ణించి పంపించేసిన రోజుల్లో తండ్రి వెంట ఈ ఊరు చేరింది. తండ్రి పోయాక ఒక్కతే మిగిలింది.

"అక్కడ తెలుగోళ్లని కోరంగీలంటారు. నన్నూ కోరంగిదానివే అన్నారు. ఇక్కడికొస్తే బర్మాదానివంటన్నారు. నేనెవర్ని గురువుగారూ?"

గురువుగారు బియ్యం చేట ఆమె ముందుకు జరిపి, "రాళ్లేరమ్మా" అన్నారు.

ఎనిమిదేళ్లు ఆమె పీఠంలో అంట్లే తోమింది. వంటింటి ఆడవాళ్లు చెడ్డవాళ్లు కారు. "ఓలమ్మా, బర్మా చెయ్యి పడితే పులుసు చేపల కంపు కొడతాదే!" అని నవ్వేవారు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వేది. తల్లి భాష వచ్చునా అని ఎవరైనా అడిగితే "మర్చిపోనాను" అనేది. మర్చిపోలేదు. ఇంటికెళ్లి తలుపు వేసుకుని, గోడకేసి తిరిగి, మెల్లగా ఆ భాషే మాట్లాడుకునేది.

ఆ ఏడు గురుపూజ నాడు, వంటకి పెద్ద అయిన పైడమ్మ మొదటిసారి ఆమె చేతికి గరిటె ఇచ్చింది. "పప్పు నువ్వే వడ్డించు. ఇకనించి నువ్వు మా దానివే." సన్యాసమ్మ కొంగు బిగించి పంక్తి మొదట నిలబడింది.

అప్పుడే వాకిట్లోకి ఒక ముసలామె వచ్చింది. నెల కిందట బర్మా నుంచి వచ్చి వీధి చివరి గదిలో దిగిన మొగుడూ పెళ్లాలలో ఆమె. మొగుడు తెలుగువాడు. ఏం కావాలన్నా అతనే మాట్లాడేవాడు, ఆమెకి తెలుగు ముక్క రాదు. ఇవాళ ఒక్కతే వచ్చి, చేతులు ఊపుతూ ఒకే మాట పదేపదే అంటోంది. ఒకరు నీళ్లిచ్చారు, ఒకరు విస్తరి వేశారు. ఆమె రెండూ తోసేసింది. "మతి పోయినట్టుంది పాపం" అన్నారెవరో.

సన్యాసమ్మకి మొదటిసారికే తెలిసిపోయింది. మా ఆయన నూతి దగ్గర పడిపోయాడు, లేవటం లేదు అంటోంది.

"ఈ భాష తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని గురువుగారు అడిగారు.

పైడమ్మ సన్యాసమ్మవైపు తిరిగింది. "నీకేటైనా తెలుస్తందేటే?"

"మర్చిపోనాను" అంది సన్యాసమ్మ. అని, పప్పు వడ్డించింది. మొదటి విస్తరి, రెండో విస్తరి, మూడోది. ఏడో విస్తరి దగ్గర చెయ్యి కదల్లేదు. గిన్నె అక్కడే కింద పెట్టేసి, ముసలామె దగ్గరికి వెళ్లి, తల్లి భాషలో పలకరించింది. ముసలామె ఊపుతున్న చేతులు ఆగిపోయాయి. సన్యాసమ్మ మొహంలోకి చూసి ఏదో అడిగింది. సన్యాసమ్మ దానికి బదులివ్వకుండా పంక్తికేసి తిరిగి, "ఆళ్లాయన నూతికాడ పడిపోనాడు, లెగండి!" అని అరిచింది.

మగవాళ్లు విస్తళ్లు వదిలి పరిగెత్తారు. వెళ్లేసరికి అతనికి ఊపిరి లేదు. ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియలేదు. ముసలామె పేరు మాత్వే అని ఆ సాయంత్రమే వీధికి తెలిసింది.

సన్యాసమ్మ తిరిగొచ్చేసరికి వడ్డనలు అయిపోయాయి. ఆమె వంటింట్లోకి రాగానే ఆడవాళ్లు కాస్త పక్కకి జరిగారు, అంతే. ఆమె వచ్చి గురువుగారు కూర్చున్న అరుగు కింద నిలబడింది.

"నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేదు గురువుగారూ."

"మాత్వే నీ మొహం చూసి ఏదో అడిగింది. ఏమని?"

"ఇంతసేపూ నువ్విక్కడే ఉన్నావా, అని."

"ముందు ఆవిడకి జవాబు చెప్పు తల్లీ" అన్నారు గురువుగారు. "నీ ప్రశ్న దాని వెనకది."

సుభద్రా, నేను చెప్పిందంతా రాసుకున్నావుగా, పేర్లు ఒకసారి చూసి దిద్దమ్మా. మిగతావి అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఆ ముసలామె పేరు మాత్వేయే కదూ?